బెల్టు కవరు మీద ఆరేసిన తువ్వాలు

నిన్న మధ్యాహ్నం 3,71,369 రూపాయలకు డీడీ తీసి కట్టేసి వచ్చాను. రెండేళ్లుగా మెడకు చుట్టుకున్న కేసు వదిలింది. ఓడిపోయాను. అయినా రాత్రి కంటినిండా నిద్రపట్టింది.

మాది గుంటూరులో ఏటుకూరు రోడ్డు వైపు చిన్న కారం మిల్లు. పనివాళ్లు ఏడుగురు. పదిమంది లేరు కాబట్టి ఈఎస్ఐ, అంటే ప్రభుత్వ కార్మిక బీమా, లేదు. 2022 ఫిబ్రవరిలో, మిర్చి యార్డుకు కొత్త కాయ దిగుతున్న రోజుల్లో, కారం పట్టే మిషను (పల్వరైజర్) బెల్టు జారుతోందని మా కుర్రాడొకడు మోటారు ఆపకుండానే చెయ్యి పెట్టాడు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. బిల్లు 85,000 కట్టిందీ నేనే. మా మిల్లులో సంక్రాంతికి పనివాళ్లందరికీ బట్టలు పెడతాను, కావాలంటే యార్డులో ఎవర్నైనా అడగండి.

కొన్ని నెలలకు లేబర్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. నష్టపరిహారం కేసు. ఒళ్లు మండిపోయింది. బ్రాడీపేటలో లాయరు గారి దగ్గరికి వెళ్లి, తప్పు వాడిదేనని అరగంట చెప్పాను. ఆయన అంతా విని, "తప్పెవరిదని ఇక్కడ అడగరండీ. పని చేస్తుండగా, ఆ పని వల్ల దెబ్బ తగిలిందా లేదా, అంతే" అన్నారు. అప్పటికి నడుస్తున్నది 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టమట. నాకు అర్థం కాలేదు. అజాగ్రత్త వాడిదైతే డబ్బు నేనెందుకు కట్టాలి? ఈ ప్రశ్న రెండేళ్లూ నన్ను తొలుస్తూనే ఉంది.

యజమాని తప్పించుకోవడానికి మూడు దారులున్నాయన్నారు. పనివాడు తాగి ఉండటం, భద్రత కోసం పెట్టిన రూలును కావాలని ధిక్కరించడం, రక్షణకు బిగించిన కవరును కావాలని తీసేయడం. మనిషి చనిపోయినా, ఇక ఏ పనీ చేయలేని స్థితికి వచ్చినా ఈ మూడూ పనికిరావు. "మనది రెండు వేళ్లే కదా, కవరు మీద కొట్లాడదాం" అన్నారు. రెండు వేళ్లే అన్న మాట అప్పుడు నాకూ హాయిగానే వినిపించింది.

ఇన్సూరెన్సు ఉందా అని అడిగారు. 2020 లాక్‌డౌన్‌లో మిల్లు మూతపడినప్పుడు పాలసీ రెన్యువల్ వదిలేశాను. ఏజెంటు ఒక్క ఫోన్ కూడా చేయలేదు. పెళ్లిళ్లలో కనపడితే నవ్వుతాడు, నేను నవ్వను.

కౌంటరు (మా తరఫు రాతపూర్వక జవాబు) వేయడం, వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్టు, వాయిదాలు, ఇవన్నీ వాటి దారిన అవి నడిచాయి. నన్ను నలిపేసింది క్రాస్ రోజు, అంటే అవతలి లాయరు నన్ను ప్రశ్నలడిగిన రోజు.

అవతలి లాయరు మా కోడలి వయసు అమ్మాయి. గొంతు పెంచదు. చేతిలో రెండు కాగితాలు, ఒక ఫోను.

"బెల్టుకు కవరుందన్నారు కదండీ, ఎప్పుడు కొన్నారు?"

"మిషనుతోపాటే వచ్చింది."

"ప్రమాదం రోజున ఎక్కడుంది?"

"అతను తీసి పక్కన పెట్టాడు."

"తీస్తుండగా చూశారా?"

"లేదు."

"తీయొద్దని బోర్డు గానీ, రాసిన కాగితం గానీ ఉందా?"

"నోటితో చెప్పానండీ."

"ఎవరి ముందు?"

ఎవరి ముందని చెప్పను? మిగతా ఆరుగురిలో ఒక్కడు కూడా సాక్ష్యానికి రానన్నాడు. అప్పుడా అమ్మాయి ఫోను కేసు వింటున్న లేబర్ ఆఫీసరు గారి బల్ల మీద పెట్టింది. 2021 సంక్రాంతికి మా అబ్బాయి తీసిన వీడియో. కారం ఆన్‌లైన్లో అమ్ముదామని తీసి ఊరంతా పంపాడు. తెల్ల చొక్కా వేసుకుని, అరచేతిలో కారం పోసుకుని నేను మాట్లాడుతున్నాను. వెనక బెల్టు బోడిగా తిరుగుతోంది. ఇంకా వెనక గోడకు మేకు, ఆ మేకుకు బెల్టు కవరు, దాని మీద ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది. పైగా నా గొంతు: "మా మిల్లులో దాపరికం లేదండీ, అంతా మీ కళ్లముందే."

గదిలో ఎవరో దగ్గినట్టు నవ్వారు. వీడియో అసలుదేనని ధ్రువీకరించే 65బీ సర్టిఫికెట్టు లేకుండా వీడియో చూడకూడదని మా లాయరు గారు లేచారు. ఆఫీసరు గారు నావైపు తిరిగి, "వీడియోలో ఉన్నది మీరేనా?" అని మామూలుగా అడిగారు. "నేనేనండీ" అనేశాను. మా లాయరు గారు కూర్చున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ కవరు తీయించింది నేనే. దానికి నాలుగు నట్లు. బెల్టు జారినప్పుడల్లా అవి విప్పి బిగించడానికి పావుగంట పడుతుంది. సీజన్‌లో పావుగంటంటే బస్తాల లెక్క. తీసి గోడకు తగిలించమన్నాను, తర్వాత మరిచిపోయాను. కౌంటరులో మాత్రం వాడే తీశాడని సంతకం పెట్టాను.

జీతం దగ్గరా అంతే. రిజిస్టరులో 9,000 అని రాసి వాడి సంతకం తీసుకున్నాను. వాడేమో శనివారం శనివారం నేను ఫోన్‌పే చేసిన 3,000 రూపాయలు వరసగా చూపించాడు. 12,000 ఖాయమైంది. లెక్క ఇదీ: 12,000లో అరవై శాతం 7,200. ముప్పై ఏళ్ల వయసుకు చట్టంలో ఉన్న గుణకం 207.98. ఒక చేతికి రెండు వేళ్లు పోతే సంపాదించే శక్తిలో 20 శాతం నష్టం. అన్నీ గుణిస్తే 2,99,491. ప్రమాదం జరిగిన నెల రోజుల్లోపు కట్టనందుకు ఏడాదికి 12 శాతం వడ్డీ, రెండేళ్లకు 71,878. ఆసుపత్రి బిల్లు ఇందులో తగ్గిస్తారనుకున్నాను. తగ్గించరు. వైద్యం ఖర్చు వేరు, పరిహారం వేరు. ఆ 85,000 రసీదులు ఫైల్లో ఎంత అందంగా పేర్చుకున్నానో!

ఆలస్యానికి పరిహారంలో సగం దాకా పెనాల్టీ కూడా వేయొచ్చట. ఎందుకు వేయకూడదో చెప్పమని నోటీసిచ్చారు, జవాబిచ్చాం, వదిలేశారు. హైకోర్టుకు వెళ్దామా అంటే ముందు మొత్తం డబ్బు కట్టాకే అప్పీలు. కట్టాక ఇంకెందుకు?

మిల్లులున్నవాళ్లకు ఒక్కటి చెప్తాను. ప్రమాదం జరిగిన వారానికే మా బజారు పెద్దమనిషి ఒకాయన వచ్చి, "యాభై వేలిచ్చి తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకో, ఇక నోరెత్తడు" అన్నాడు. వినలేదు కాబట్టి బతికాను. పరిహారం హక్కు వదులుకున్నానని పనివాడు రాసిచ్చినా ఆ కాగితం చెల్లదు. రాజీపడితే ఆ ఒప్పందాన్ని ఈ కేసులు చూసే ఆఫీసరు దగ్గర రిజిస్టరు చేయించాలి. ఆ పెద్దమనిషి ఇప్పుడూ అందరికీ అదే సలహా చెప్తున్నాడు.

నిన్న ఆఫీసుకు వాడూ వచ్చాడు, బ్యాంకు కాగితాలివ్వడానికి. ఎడమచేత్తో నిదానంగా సంతకం పెట్టాడు. వరండాలో ఎదురుపడితే నేను తల తిప్పుకోబోయాను.

"బాబాయ్, బెల్టు కవరు బిగించారా?"

"వెల్డింగే చేయించేశాన్రా."

"వెల్డింగ్ చేస్తే బెల్టు తెగినప్పుడు ఎలా మారుస్తారు? నట్లే పెట్టించండి."

పొద్దున్నే వెల్డరును మళ్లీ పిలిపించాను. ఇప్పుడు కోస్తున్నాడు.