ఒకరికి పని చేసిన మూలిక ఇంకొకరికి ఎందుకు చేయదు?

"నాకు భలే పని చేసింది, నువ్వూ వాడి చూడు" అని ఎవరైనా ఏదైనా మూలిక గురించి చెప్తే నేను కొట్టిపారేయను, అలాగని వెంటనే నమ్మేయను కూడా. వాళ్లకి నిజంగానే పని చేసి ఉండొచ్చు. కానీ చాలా మూలికల్లో మనం మింగేది అసలు మందు కాదు, దాన్ని మందుగా మార్చేది పేగుల్లోని బ్యాక్టీరియా, అవేమో ఏ ఇద్దరిలోనూ ఒకేలా ఉండవు.

సునాముఖినే తీసుకోండి. మలబద్ధకానికి వాడే ఈ ఆకులోని సెన్నోసైడ్లకు చక్కెర అణువులు అతుక్కుని ఉంటాయి, ఆ రూపంలో చిన్నపేగు వాటిని పెద్దగా పీల్చుకోలేదు కాబట్టి అవి అలాగే పెద్దపేగు దాకా వెళ్లిపోతాయి, అక్కడ బ్యాక్టీరియా ఆ చక్కెరను విడగొట్టి రైన్ ఆంత్రోన్ అనే పదార్థాన్ని తయారుచేస్తే అప్పుడు గానీ పేగులో కదలిక రాదు. రాత్రి వేసుకుంటే పొద్దున్నకి పని చేసేది అందుకే. యాంటీబయాటిక్స్ వాడుతున్న రోజుల్లో ఇది మందగించే అవకాశం ఉంది. అలాంటప్పుడు డోసు చాల్లేదేమో అనుకుని ఇంకాస్త వేసుకోవడం మంచి ఆలోచన కాదు.

సోయాలో డైడ్జీన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని ఈస్ట్రోజెన్ హార్మోన్ లాంటి ప్రభావం ఉండే ఈక్వాల్‌గా మార్చే బ్యాక్టీరియా సుమారు 30 నుంచి 50 శాతం మందిలోనే ఉంటాయి. అందర్నీ ఒకే గుంపులో కలిపి సగటు తీసి "సోయా పని చేస్తుంది", "చేయదు" అని వాదించుకుంటే ఏం తేలుతుంది చెప్పండి? పసుపులోని కర్క్యుమిన్‌ కూడా అంతే, రక్తంలోకి చేరేది చాలా తక్కువ, మిగిలినదాంట్లో కొంతభాగాన్ని పేగులోని బ్యాక్టీరియా వేరే రూపాల్లోకి మార్చేస్తాయి.

ఈ మార్పు ప్రతిసారీ మన మేలుకే జరుగుతుందని లేదు. అతిమధురంలోని గ్లైసిరైజిన్‌ను బ్యాక్టీరియా గ్లైసిరెటినిక్ ఆమ్లంగా మారుస్తాయి, అది ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. చేదు ఆప్రికాట్ గింజల్లోని అమిగ్డాలిన్ ఇంకా ఘోరం: నోటి ద్వారా తీసుకుంటే పేగులోని బ్యాక్టీరియా ఎంజైములు దాన్ని విడగొట్టి సయనైడ్‌ను బయటికి తెస్తాయి. సహజమైనది కాబట్టి హాని ఉండదు అనేవాళ్లకి నేను చెప్పే మొదటి ఉదాహరణ ఇదే.

డిజాక్సిన్‌ది ఇంకో దారి. ఫాక్స్‌గ్లోవ్ మొక్కల నుంచి వచ్చిన గుండె మందు ఇది. కొందరి పేగుల్లో ఎగర్థెల్లా లెంటా అనే బ్యాక్టీరియా దీన్ని పనికిరాకుండా చేసేస్తుంది. అలాంటి వాళ్లకి యాంటీబయాటిక్ ఇస్తే ఆ బ్యాక్టీరియా తగ్గి, అదే డోసు మందు రక్తంలో ఎక్కువై విషంగా మారొచ్చు. అంటే ఒకే యాంటీబయాటిక్ కోర్సు సునాముఖిని బలహీనం చేయగలదు, డిజాక్సిన్ ప్రభావాన్ని పెంచనూగలదు. డాక్టర్ "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగినప్పుడు చాలామంది మాత్రల పేర్లే చెప్తారు, పొడులు, కషాయాలు మందుల లెక్కలోకి రావన్నట్టు. వాటినీ చెప్పండి, అడగకపోయినా సరే.