ముప్పై ఆరేళ్లకు తేలిన ఏడీహెచ్‌డీ: నా అనుభవం

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం లాంటి లక్షణాలుండే మెదడు ఎదుగుదల సమస్య) అంటే ఒకచోట కుదురుగా కూర్చోలేని మగపిల్లల సమస్య అని చాలామందిలాగే నేనూ అనుకునేదాన్ని. చిన్నప్పుడు నేను క్లాసులో అల్లరి చేసిన పిల్లను కాదు. కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తుండేదాన్ని. టీచరు పిలిస్తే రెండోసారికో మూడోసారికో పలికేదాన్ని. అల్లరి లేకుండా ధ్యాస మాత్రమే నిలవని రకం కూడా ఇందులో ఉందని, ఆడపిల్లల్లో అది చాలాసార్లు ఎవరి కంటా పడకుండా పోతుందని నాకు ముప్పై ఆరేళ్లు వచ్చాక తెలిసింది.

మాది నెల్లూరు. రొయ్యల మేత అమ్మే డీలరు దగ్గర లెక్కలు చూస్తాను. ఇందుకూరుపేట, ముత్తుకూరు, తోటపల్లి గూడూరు వైపు రైతులు మేత అప్పు మీద తీసుకెళ్లి, గుంట పట్టుబడి అయ్యాక డబ్బు కడతారు. ఎవరికి ఎన్ని బస్తాలు పోయాయో ఆ పూట రాయకపోతే తర్వాత గొడవే. లెక్కలంటే నాకు ఇష్టం. తప్పు ఎక్కడుందో ఇట్టే పట్టేస్తాను. కానీ ఒక రైతుతో మాట్లాడుతుండగా ఇంకో ఫోన్ వస్తే మొదటి రైతు చెప్పింది పూర్తిగా తుడిచిపెట్టుకుపోయేది. ఇంటికొస్తే స్టవ్ మీద పాలు, స్కూలు ఫీజు, కరెంటు బిల్లు. "ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యి" అన్న మాట అమ్మ దగ్గర విన్నాను, అత్త దగ్గర విన్నాను, ఓనరు దగ్గర విన్నాను. ఒళ్లు దగ్గర పెట్టుకునే చేస్తున్నానని, అందరికంటే రెట్టింపు కష్టపడుతున్నానని ఎలా చెప్పాలో తెలిసేది కాదు.

నిద్ర పట్టక, గుండెదడతో ముందు ఒక డాక్టరు దగ్గరికి వెళితే టెన్షన్ అని మాత్రలు రాశారు. దడ తగ్గింది కానీ మరపు తగ్గలేదు. సైకియాట్రిస్టుకు చూపిద్దామన్నది మా బావ, అంటే నా భర్త. ఇంట్లో ఆ మాటకి పెద్ద రభసే అయింది. "పిచ్చి డాక్టరు దగ్గరికి పోయేంత ఏమొచ్చింది దానికి?" అని అత్త రెండు పూటలు అన్నం తినలేదు. అమ్మేమో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగలో ఆరోగ్య రొట్టె పట్టుకుందామంది. పట్టుకున్నాం, డాక్టరు దగ్గరికీ వెళ్లాం. రెండింటికీ మధ్య తగువు పెట్టాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

స్కానింగ్ తీసి తేల్చేస్తారని అనుకుంటూ వెళ్లాను. దీనికి స్కానింగు గానీ, ఇదేనని చెప్పే రక్తపరీక్ష గానీ లేదు. థైరాయిడ్, రక్తహీనత లాంటివి కావని చూసుకోవడానికి పరీక్షలు రాశారు, నిద్ర గురించి అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల 18 ప్రశ్నల కాగితం ఇచ్చి నింపమన్నారు. అదొక్కటే చూసి తేల్చరు. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి, ఇల్లు, ఆఫీసు లాంటి కనీసం రెండు చోట్ల ఇబ్బంది పెడుతుండాలి. అందుకని నన్ను చిన్నప్పటి నుంచి చూసినవాళ్లను తీసుకురమ్మన్నారు.

అమ్మ నా పాత ప్రోగ్రెస్ కార్డులు పట్టుకుని వచ్చింది. రానంటూనే అత్తా వచ్చింది. ఆమె నాకు అత్త మాత్రమే కాదు, మా నాన్నకి సొంత చెల్లెలు. డాక్టరు కార్డులు తిరగేస్తూ వాటి మీద టీచర్లు రాసినవి పైకి చదివారు. "తెలివైనది, శ్రద్ధ లేదు." ఏ తరగతి కార్డు తీసినా అదే మాట. అప్పటిదాకా గోడవైపు చూస్తూ కూర్చున్న అత్త ఉన్నట్టుండి, "మా అన్నా ఇంతే డాక్టరుగారూ" అంది. "మడికి నీళ్లు కట్టను పోయి, దోవలో ఎవురన్నా కనపడితే ఆడ్నే నిలబడిపోయేవాడు. మా నాయన ఎన్ని దెబ్బలు కొట్టినాడో. ఎంత మంచోడో మా అన్న" అంటూ ఏడ్చేసింది. ఇది వంశపారంపర్యంగా వచ్చే అవకాశం చాలా ఎక్కువని డాక్టరు ఆమెకి నిదానంగా చెప్పారు. మా నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట ఆయన బతికుండగా ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ బాధే.

బీపీ, పల్స్ చూసి, గుండెజబ్బులేమైనా ఉన్నాయేమో కనుక్కుని మిథైల్‌ఫెనిడేట్ అనే, ధ్యాస నిలబెట్టే మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. అది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) కిందికి వచ్చే మందు. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వరు, అన్ని షాపుల్లోనూ ఉండదు. అయిపోకముందే వెతుక్కోవాలి. మధ్యాహ్నం ఆకలి చచ్చిపోతుంది కాబట్టి పొద్దున్నే కడుపునిండా తిని వేసుకుంటాను. ఆలస్యంగా వేసుకుంటే రాత్రి నిద్ర రాదు. పని చేసిందా అంటే, చేసింది. ఒక ఫోన్ మాట్లాడుతుంటే ఆ ఫోనే వినపడటం నాకు కొత్త.

అయితే ఒక సంగతి. పొద్దున వేసుకున్న మాత్ర సాయంత్రానికి తగ్గిపోతుంది. వంట, పిల్లల హోంవర్కు, మర్నాటి బాక్సులు అన్నీ మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. ఆఫీసులో మాత్ర ఆదుకుంటుంది, ఇంట్లో మనుషులే ఆదుకోవాలి. ఈ మాట బావకి అర్థమయ్యాక మా ఇల్లు మారింది. కరెంటు బిల్లు, ఫీజులు ఆయన తన ఖాతా నుంచి వాటంతట అవే పోయేలా పెట్టేశాడు. పాలకి విజిల్ వేసే గిన్నె కొన్నాం. తాళాలు, నా మాత్రలు, పిల్లల ఐడీ కార్డులు గుమ్మం పక్కన కంటికి ఎదురుగానే ఉంటాయి. బీరువాలో పెడితే అవి నాకు లేనట్టే.

అన్నిటికంటే పెద్ద సాయం అత్తది. "గుర్తుందా?" అని అడగడం మానేసింది. ఉతికిన బట్టలు మడతపెట్టాలంటే నాకు ఎప్పుడూ కొండంత పనిగా ఉండేది. ఇప్పుడు ఆమె పీట వేసుకుని నెత్తళ్లు బాగుచేసుకుంటూనో చిక్కుడుకాయలు వలుచుకుంటూనో నా ఎదురుగా కూర్చుంటుంది. మడతపెట్టమని అనదు, అసలు నా వైపే చూడదు. ఆమె చేతిలో పని సాగుతుంటే నా చేతిలోదీ సాగుతుంది. పక్కన ఇంకొకరు ఉంటే పని మీద ధ్యాస నిలబడుతుందని డాక్టరు చెప్పినప్పుడు అత్త, "దానికేముంది, కూర్చుంటా" అంది. అంతే, రోజూ కూర్చుంటోంది.

ఆఫీసులో ఓనరుకి జబ్బు పేరు చెప్పలేదు. చెప్పాలా వద్దా అనేది ఎవరి పరిస్థితిని బట్టి వాళ్లు చూసుకోవాలి. నేను అడిగింది రెండే. పొద్దున పది నుంచి పన్నెండు దాకా బ్యాంకు లెక్కలు సరిచూసేటప్పుడు ఫోన్లు వేరేవాళ్లు తీయాలి. రైతు ఎన్ని బస్తాలు చెప్పాడో అది రాశాకే ఫోన్ పెట్టేస్తాను కాబట్టి, అది అయ్యేదాకా నన్ను ఎవరూ పిలవకూడదు. ఒప్పుకున్నారు. ఇరవయ్యో తేదీ జీఎస్టీ రిటర్నుకి ఇప్పుడు ఆఖరి రాత్రి దాకా కూర్చోవాల్సిన పని ఉండటం లేదు.

మరపు పూర్తిగా పోలేదు, పోదు కూడా. బాగా అలిసిపోయిన రోజుల్లో పాత తీరు తిరిగొస్తుంది. అలాంటప్పుడు ఇంట్లో ఎవరూ కేకలు వేయరు. నాకు అది మందుతో సమానం.

మీ ఇంట్లోనూ ఇలాంటివాళ్లు ఉన్నారనిపిస్తే, ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చిన్నప్పటి స్కూలు కార్డులు దొరికితే తీసుకెళ్లండి. అంతకుముందు వాడిన మందుల చీటీలు, థైరాయిడ్ రిపోర్టు ఉంటే అవీ పెట్టుకోండి. మిమ్మల్ని చిన్నప్పుడు ఎత్తుకు పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే, రానన్నా సరే బతిమాలి వెంటబెట్టుకెళ్లండి.