తాతయ్య అవసరం లేదన్న కార్బరేటర్

మా వాడు పుట్టి పెరిగింది చెన్నైలోనే. 2006 చట్టం వచ్చాక తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి కాబట్టి వాడు దిద్దింది తమిళ అక్షరాలే. అందుకు నాకు బాధ లేదు. ఉంటున్న ఊరి భాష బాగా రావాలి. ఇంట్లో నేనూ మా ఆయనా తెలుగే మాట్లాడతాం, వాడికి అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఒక వేసవిలో ఆన్‌లైన్ తెలుగు క్లాసులో చేర్పించాను. ఒత్తుల దాకా వచ్చి మానేశాడు.

ప్రతి ఆదివారం బెజవాడకి వీడియో కాల్ చేస్తాం. నాన్న వాడిని అడిగేవి మూడే: తిన్నావా, బాగా చదువుతున్నావా, ఎప్పుడొస్తావు. వాడివీ మూడే జవాబులు. నాలుగో మాట వస్తే వాడు నా మొహం చూసేవాడు. నేను మధ్యలో దూరి ఆయన మాట ఇటూ, వీడి మాట అటూ చేరవేసేదాన్ని. పదిహేడేళ్లు అలాగే గడిచిపోయాయి. పిల్లలకి భాష రావట్లేదని మనం బెంగపెట్టుకుంటాం గానీ, ఆ భాషలో వాళ్లతో మాట్లాడుకోడానికి ఏం విషయం ఇచ్చాం? తిన్నావా అన్నదానికి ఎన్నాళ్లు జవాబు చెప్తారు?

నాన్న ముప్ఫై ఏళ్ల పైచిలుకు ఆటోనగర్‌లో కార్బరేటర్ల పని చేశారు. గాలీ పెట్రోలూ కలిపి ఇంజనులోకి పంపేదే కార్బరేటర్. సెలవుల్లో నేనూ షెడ్డుకి వెళ్లేదాన్ని. కిరోసిన్ పళ్లెంలో నానబెట్టిన ఇత్తడి జెట్లు, అంటే పెట్రోలు పారే సన్న రంధ్రం ఉన్న బిళ్లలు, లెక్కపెట్టి, గుడ్డ మీద వరసగా ఆరబెట్టడం నా పని. నిరుడు వీడి ప్లస్ టూ అయ్యాక, తన 1994 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 మనవడికి ఇస్తానన్నారు. పంపే ముందు బోరు చేయించి, ఇంజనులోకి గాలి వచ్చిపోయే దారులు, పోర్టులంటారు, అవి కూడా కాస్త సరిచేయించారు. ట్యాంకు ఖాళీ చేసి, గోనెపట్టా చుట్టి పార్సిల్‌లో వేస్తే బండి చెన్నై సెంట్రల్‌లో దిగింది. కాగితాల పని అంతా మా ఆయన చూసుకున్నారు, అదొక పెద్ద కథ.

ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజను, 11 హార్స్‌పవర్. కంపెనీ దానికి పెట్టింది మికుని అనే కంపెనీ కార్బరేటర్, గాలి పోయే గొంతు వెడల్పు 20 ఎంఎం. వీడు వీడియోలు చూసి 28 ఎంఎం వేస్తానని పట్టుబట్టాడు. తాతయ్యని అడగమన్నాను. అడిగే సమయానికి నాకు ఆఫీసు ఫోను వచ్చి పక్కగదిలోకి వెళ్లాను. వాళ్లిద్దరి మధ్యా నేను లేకుండా జరిగిన మొదటి సంభాషణ అదే.

నాన్న చెప్పింది ఒకటే మాటట. "అంత పెద్ద కార్బరేటర్ అవసరం లేదురా నాన్నా." వీడు "సరే తాతయ్యా" అన్నాడు.

తమిళంలో అవసరం అంటే తొందర. తొందరేం లేదు, మెల్లగా కొనుక్కో అన్నారని వీడికి అర్థమైంది. మెల్లగానే, నెల తర్వాత, బెంగళూరులో ఒకతని దగ్గర కెయిహిన్ కంపెనీ 28 ఎంఎం కార్బరేటర్ సెకండ్‌హ్యాండ్‌లో కొని తెప్పించాడు. దాచుకున్న డబ్బంతా అందులోనే పోయింది.

బిగించాక బండి స్టార్టయింది, తిప్పకుండా వదిలేసినా ఆగకుండా స్లోలో నడిచింది. వేళచ్చేరి సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ తిప్పితే మాత్రం ఒక్క క్షణం ప్రాణం పోయినట్టు ఆగి, తర్వాత ఎగిరి దూకేది. ఆదివారం ఫోను తీసి, నేను పక్కనే ఉండగా, "తాతయ్యా, వండి ఇళుక్కల" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అటునుంచి నాన్న, "లాగట్లేదా? ఎప్పుడు? తిప్పగానే గుక్క పడుతోందా, లేక మీద స్పీడులోనా?" అన్నారు. గుక్క అంటే ఏమిటని వీడు అడిగాడు. ఏడ్చే పసిపిల్ల ఊపిరి బిగబట్టడం నాన్నే చేసి చూపించారు. "ఆ, అదే! గుక్క!" అన్నాడు వీడు. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. కావాలనే వెళ్లాను.

అక్కణ్ణుంచి అంతా వినపడుతూనే ఉంది. అవసరం దగ్గర జరిగిన పొరపాటు బయటపడితే నాన్న చాలాసేపు నవ్వారు. ఆ తర్వాత పాఠం మొదలైంది. "బందరు కాలవ వంతెన కింద సన్నబడ్డచోట నీళ్లు ఎలా పరిగెడతాయి? కార్బరేటర్ గొంతూ అంతే. సన్నగా ఉంటే గాలి వడిగా పోతుంది, ఆ వడికే జెట్‌లోంచి పెట్రోలు పైకి లేస్తుంది. గొంతు వెడల్పు చేస్తే మీద స్పీడులో గాలి ఎక్కువ దొరుకుతుంది నిజమే. కింద స్పీడులో మాత్రం గాలికి వడి చాలదు, పెట్రోలు లేవదు, బండి గుక్క పడుతుంది." వీడు కాగితం మీద లెక్క వేశాడు. 20 ఎంఎం గొంతు వైశాల్యం 314 చదరపు మిల్లీమీటర్లు, 28కి 616. కొలతలో ఎనిమిదే తేడా, దారి దాదాపు రెట్టింపు.

నాన్న కార్బరేటర్ గురించి కంటే వీడి రోజు గురించే ఎక్కువ అడిగారు. రోజూ ఎక్కడ తిప్పుతావు, ఎన్ని సిగ్నళ్లు, సైలెన్సర్ కంపెనీదేనా, ఎయిర్ ఫిల్టర్ ఉందా, వెనక ఎవరైనా కూర్చుంటారా. వీడి కాలేజీ ఓఎంఆర్, అంటే పాత మహాబలిపురం రోడ్డు, మీద ఉంది, దారంతా సిగ్నళ్లే. "రేసు ట్రాక్ మీద తిప్పేవాడికి కింద స్పీడుతో పని లేదు, నీకు బతుకంతా అక్కడే" అన్నారు. పోర్టులు సరిచేయించిన ఇంజను కాబట్టి 24 దాకా పోవచ్చని తేల్చారు. 20 కంటే దారి 44 శాతం ఎక్కువ, గాలి వడి చచ్చిపోదు.

మధ్యలో నాన్నకి నిజంగా టెన్షన్ వచ్చింది. స్పార్క్ ప్లగ్గు విప్పి ఫోటో పంపమంటే, అది సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. పెట్రోలు చాలట్లేదని దానర్థం. "బండి తీయకు, పట్టేస్తుంది" అని గట్టిగా అన్నారు. ఇంజనుకి పెట్రోలు చాలకపోతే వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది, టూ స్ట్రోక్‌లో అది మరీ ప్రమాదం. ఎక్కడ కొన్నావని అడిగితే బెంగళూరు సంగతి బయటపడింది. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి పదో వంతు పలచన. ఆ గాలికి సరిపెట్టిన జెట్లు చెన్నై చిక్కటి గాలికి చాలవు. "బెజవాడ గాలీ మీ గాలీ ఒకటే, నేను చెప్పిన జెట్ సైజు నీకు సరిపోతుంది" అన్నారు.

అప్పుడు మా వాడు ఒక మాట అన్నాడు. కత్తిపీట ఆపి విన్నాను. "తాతయ్యా, ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఒక వంతు పెట్రోలుకి అయితే 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అందుకని మీరు చెప్పిన జెట్ కంటే కొంచెం లావుది వేయాలి కదా?" వాడు పుట్టాక ఆపకుండా మాట్లాడిన అతిపెద్ద తెలుగు అదే. నాన్న కాసేపు మాట్లాడలేదు. పని మానేసి చాలా ఏళ్లయింది, ఈ పెట్రోలుతో ఆయన ఎప్పుడూ జెట్ మార్చలేదు. "అయితే ఒక సైజు పైకి పోదాం. నువ్వు చెప్పింది నిజమే" అన్నారు.

బండి విడిభాగాలు దొరికే పుదుపేట వెళ్లి 24 ఎంఎం మికుని, మూడు సైజుల మెయిన్ జెట్లు తెచ్చాడు. వెళ్లేముందు, కెయిహిన్‌లో 110 నంబరు జెట్ ఉంది కాబట్టి దీనికీ 110 కొంటానన్నాడు. నాన్న ఆపారు. కెయిహిన్ జెట్ మీద అంకె రంధ్రం వెడల్పు, మిల్లీమీటరులో వందో వంతుల్లో. మికుని మెయిన్ జెట్ మీద అంకె దాంట్లోంచి పారే పెట్రోలు లెక్క. "అంటే అవసరం లాంటిదే. ఇక్కడొకటి, అక్కడొకటి" అన్నాడు వీడు. జెట్‌ని వెలుతురుకి ఎత్తిపట్టి చూడమన్నారు. రంధ్రం గుండ్రంగా కనపడాలి, అంచు చెదిరితే ఎవరో పిన్నుతో పొడిచారని అర్థం. ఇనప తీగ పెట్టి శుభ్రం చేయకూడదు, నోటితో ఊదాలి, నానబెట్టాలి. నేను చిన్నప్పుడు విన్న మాటలే ఇవన్నీ.

"లావు జెట్ నుంచి దిగు, సన్నదాన్నుంచి ఎక్కకు" అన్నది నాన్న పద్ధతి. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గు నల్లబడుతుంది, అంతే. తక్కువైతే పిస్టన్ పోతుంది. ఇంకోటి, యాక్సిలరేటర్ తీగ రెండుగా చీలి ఒకటి కార్బరేటర్‌కి, ఒకటి ఇంజనుకి ఆయిల్ పంపే పంపుకి పోతుంది. కార్బరేటర్ మార్చాక ఆ పంపు గుర్తు సరిచూడకపోతే మిగతా పనంతా దండగ. దీన్ని మూడుసార్లు చెప్పారు, వీడు మూడుసార్లూ విన్నాడు.

యాక్సిలరేటర్ ఎంత తిప్పితే కార్బరేటర్‌లో ఏ భాగం పని చేస్తుందో తెలియడానికి, హ్యాండిల్ పిడి మీద తెల్ల టేపు అంటించి గీతలు గీయమన్నారు. స్లో నుంచి అరపావు దాకా పైలట్ అనే చిన్న జెట్ పని. అరపావు నుంచి పావు దాకా గొంతు తెరిచే స్లైడ్‌కి ఉన్న కోత. పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కి వేలాడే సూది, నీడిల్. ఆపైన మెయిన్ జెట్. తమిళంలో కాల్, అరై, ముక్కాల్ తెలిసినవాడికి పావు, అర, ముప్పావు ఎంతసేపు? స్కెచ్ పెన్ను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ముప్పావులో ప కింద ప ఎలా రాయాలి?" గ్యాస్ బిల్లు వెనక రాసి చూపించాను. టేపు మీద వంకరగా ఉన్నా ఒత్తు సరిగ్గా పడింది.

ఇప్పుడు ప్లగ్గు టీ రంగులో ఉంది. గుక్క పోయింది. వాన రోజు మాత్రం పావు దగ్గర చిన్న తడబాటు మిగిలింది. నీడిల్ క్లిప్ ఒక మెట్టు దించాలని నాన్న, పైలట్ జెట్ మార్చాలని వీడు, రెండు వారాలుగా వాదించుకుంటున్నారు. దసరాకి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో బెజవాడ వెళ్తున్నాం. 28 ఎంఎం ఒకసారి తెచ్చి చూపించమన్నారు నాన్న. పెట్రోలు చుక్క లేకుండా ఆరబెట్టి, పాత తువ్వాల్లో చుట్టి, వాడి బ్యాగులో సర్దుకున్నాడు.