పట్టేసిన భుజం, ఫిజియోథెరపీ: నా అనుభవం

కొన్నాళ్లపాటు బోర్డు పైన తారీఖు రాసే పని పిల్లలకే అప్పగించేశాను. కుడి చెయ్యి భుజం ఎత్తు దాటి లేచేది కాదు. జడ వేయాలంటే మా అమ్మాయి రావాలి. జాకెట్టు తొడుక్కునేటప్పుడు ముందు ఆ చెయ్యే దూర్చాలి. రాత్రిళ్లు ఆ పక్కకి తిరిగితే ప్రాణం పోయినట్టుండేది. నిద్రలో నరం పట్టిందని మా అత్తయ్యగారు తైలం రాయించారు. రాసినంతసేపూ హాయిగా ఉండేది, అంతే.

గుంటూరు కొత్తపేటలో ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే తీయించారు. ఎముకలో ఏమీ లేదు. చెయ్యి వదులుగా పెట్టమని ఆయనే ఎత్తి చూశారు. అప్పుడూ అక్కడికే వచ్చి ఆగిపోయింది. ‘మీరెత్తినా నేనెత్తినా లేవట్లేదంటే కీలు చుట్టూ ఉండే పొర మందమై బిగుసుకుపోయింది. ఫ్రోజెన్ షోల్డర్’ అన్నారు. ఆ వెంటనే ‘షుగరుందా?’ అని అడిగారు. ఉంది. 40 నుంచి 60 ఏళ్ల వాళ్లకి, అందులోనూ షుగరో థైరాయిడో ఉంటే ఇది ఎక్కువగా వస్తుందట. ముందు నొప్పి, తర్వాత బిగుసుకోవడం, ఆ తర్వాత మెల్లగా వదులవడం. అంతా కలిపి 1 నుంచి 3 ఏళ్లు పట్టొచ్చన్నారు. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే నొప్పి తొందరగా తగ్గుతుంది గానీ కొద్దిరోజులు షుగరు పెరుగుతుందన్నారు. ముందు ఫిజియోథెరపీ చూద్దామన్నాను.

ఇంటికి దగ్గరని మొదట ఒక సెంటర్‌కి వెళ్లాను. వేడి కాపడం పెట్టి, ప్యాడ్లు అంటించి కరెంటు పెట్టి, టైమర్ మోగగానే పంపేసేవారు. నొప్పి కాస్త తగ్గిన మాట నిజమే. చెయ్యి మాత్రం ఎక్కడుందో అక్కడే. ఇంటి దగ్గర ఏం చేయాలని అడిగితే ‘ముందు సిట్టింగులు అవనివ్వండి మేడం’ అనేవారు. డబ్బు కన్నా ఆ మాటకే నాకు ఒళ్లు మండింది.

అరండల్‌పేటలో ఇంకో చోటికి మారాను. అక్కడి అమ్మాయి ముందు ఏ మిషనూ పెట్టలేదు. కోణమానినికి రెండు కాళ్లు తగిలించినట్టున్న ప్లాస్టిక్ కొలబద్దని భుజానికి ఆనించి, ‘పైకి 95 డిగ్రీలు వస్తోంది ఆంటీ, 180 దాకా రావాలి. బయటికి తిప్పితే 15’ అని ఫైల్లో రాసుకుంది. లెక్కల టీచర్ని కదా, డిగ్రీల్లో చెప్పేసరికి నాకు బాగా ఎక్కింది.

టేబుల్ పట్టుకుని వంగి చెయ్యి వేలాడేసి ఊపడం, గోడ మీద వేళ్లు పైకి పాకించడం సులువుగానే వచ్చాయి. అసలు పరీక్ష కర్రతో. చంకలో చుట్టిన తువ్వాలు పెట్టుకుని, మోచెయ్యి నడుము పక్కనే ఉంచి, కర్రని రెండు చేతులతో పట్టుకుని ఎడమ చేత్తో కుడి చేతిని బయటికి నెట్టాలి. చూడ్డానికేమీ ఉండదు, చేస్తే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. పాత బూజుకర్రని ముక్క కోయించుకుని రోజూ వేడి కాపడం తర్వాత చేసేదాన్ని.

‘నొప్పొస్తే ఆపేయాలామ్మా?’ అన్నాను.

‘లాగుతున్నట్టుంటే చేయండి, పొడిచినట్టుంటే ఆపండి. చేశాక కాసేపట్లో సర్దుకోవాలి. రాత్రికీ సలుపుతుంటే మర్నాడు తగ్గించి చేయండి.’

నాకు పనికొచ్చింది ఆ మాటే. అంతకుముందు ప్రతి నొప్పికీ టెన్షన్ పడి చెయ్యి దాచుకునేదాన్ని.

వంటింటి గోడ మీద వేళ్లు చేరినంత ఎత్తున పెన్సిల్ గీత పెట్టేదాన్ని. కొన్ని వారాలు గీత కదిలేది కాదు, మా వారు వెక్కిరించేవారు. నెలలు పట్టింది గానీ ఇప్పుడు తారీఖు నేనే రాస్తున్నాను. చెయ్యి వెనక్కి పెట్టడం మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు.

మొన్న స్టాఫ్ రూములో సైన్సు మేడం ఆ కర్ర వ్యాయామం తనకీ నేర్పమన్నారు. స్కూటీ మీంచి పడ్డాక చెయ్యి లేవట్లేదట. నేను ఎత్తి చూస్తే సులువుగా లేచింది, వదిలితే నిలబడలేదు. అది నా జబ్బు కాదని తెలుస్తూనే ఉంది. వ్యాయామం సంగతి తర్వాత చూద్దామని, సాయంత్రం కొత్తపేట వెళ్లి చూపించుకోమన్నాను.