సబ్‌నెట్ జీరో వాడినందుకు నన్ను ప్రాక్టికల్స్‌లో ఫెయిల్ చేశారు: నా అనుభవం

సవరించిన మార్కుల మెమో నిన్ననే చేతికొచ్చింది. కోపం చల్లారాక రాస్తే అంతా మెత్తబడిపోతుందని ఇప్పుడే కూర్చున్నాను. కంప్యూటర్ హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్, ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ మూడూ కలిపి నేర్పే కాలేజీ కోర్సు నాది. ఇందులో చేరబోయేవాళ్లకీ, ముఖ్యంగా ప్రాక్టికల్స్ దగ్గరపడి టెన్షన్ పడుతున్నవాళ్లకీ ఇది పనికొస్తుందనే రాస్తున్నాను. సబ్‌నెట్ అంటే ఒక నెట్‌వర్క్‌ను విడగొడితే వచ్చే ముక్క. ఆ ముక్కల్లో మొదటిదే సబ్‌నెట్ జీరో.

హార్డ్‌వేర్ భాగం సాఫీగా గడిచిపోయింది. సిస్టమ్ విప్పడం, ర్యామ్ తీసి మళ్లీ బిగించడం, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ మార్చడం, తేదీ మాటిమాటికీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చడం. చేత్తో చేస్తే వచ్చేసే పనులివి.

కేబుల్ క్రింపింగ్, అంటే నెట్‌వర్క్ కేబుల్ చివర ప్లగ్ బిగించడం గురించి మాత్రం కాస్త చెప్పాలి. ప్లగ్‌లో ఎనిమిది వైర్లు పెట్టే టీ568బీ వరుస అందరూ బట్టీ పడతారు: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కేబుల్‌లో వైర్లు రెండేసి మెలిపెట్టిన జతలుగా ఉంటాయి. ఆకుపచ్చ జతను విడదీసి మధ్యలో నీలం జతను ఎందుకు పెట్టారో ఎవరూ అడగరు. 3, 6 పిన్నులు ఒకే జతవి కావాలి, అందుకు. మా బ్యాచ్‌లో ఒకరు చూడ్డానికి బాగుందని జతలన్నీ పక్కపక్కనే పెట్టి, రెండు వైపులా అదే వరుసలో క్రింప్ చేశారు. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరుసగా వెలిగాయి. లింక్ కూడా వచ్చింది. పెద్ద ఫైల్ కాపీ చేయబోతే మాత్రం నత్తనడక. వైర్లన్నీ కలిసే ఉన్నాయి కానీ 3, 6 వేర్వేరు జతల్లోకి పోయాయి. దాంతో ఒక జత సిగ్నల్ ఇంకో జతలోకి చొరబడుతోంది. దీన్ని స్ప్లిట్ పెయిర్ అంటారు. లైట్ల టెస్టర్ దీన్ని పట్టుకోలేదు. ఈ సంగతి మాకు చెప్పింది లెక్చరర్ కాదు, ల్యాబ్ అసిస్టెంట్. ప్లగ్‌ను వెలుతురుకి పట్టుకుని, ఒక్కో రంగునీ వేలితో చూపిస్తూ చెప్పాడు. మీ ల్యాబ్‌లో అలాంటి మనిషి ఉంటే ఆయన వెంటే తిరగండి. ఆ తర్వాత నా చేతి క్రింపింగ్ ఎంత కుదిరిందంటే, ల్యాబ్‌లో కొత్త కేబుళ్లన్నీ నాతోనే చేయించుకున్నారు.

ఇక అసలు విషయం, నెట్‌వర్కింగ్ ప్రాక్టికల్స్.

నాకొచ్చిన ప్రశ్న ఇది. 192.168.10.0 నెట్‌వర్క్‌ను నాలుగు విభాగాలకు పంచాలి. ఒక్కో విభాగంలో 50 కంప్యూటర్లు. సబ్‌నెట్లు లెక్కగట్టి, స్విచ్, రౌటర్ కాన్ఫిగర్ చేసి, ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి పింగ్ (అవతలి మెషీన్ జవాబిస్తోందా అని చూసే పరీక్ష) వెళ్తున్నట్టు చూపించాలి. సబ్‌నెటింగ్ నాకు ఇష్టమైన అంశం, పెన్ను పట్టకుండా చెప్పగలను. 50 కంప్యూటర్లకి ఆరు హోస్ట్ బిట్లు (అడ్రసులో ఒక్కో కంప్యూటర్‌ని గుర్తించే బిట్లు) కావాలి. అంటే /26 మాస్క్ (32 బిట్ల అడ్రసులో మొదటి 26 నెట్‌వర్క్‌వని చెప్పేది), ఒక్కో సబ్‌నెట్‌లో 64 అడ్రసులు, మొదటిదీ చివరిదీ కంప్యూటర్లకి ఇవ్వరు కాబట్టి వాడుకోవడానికి 62. సబ్‌నెట్లు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి. నాలుగు విభాగాలకి సరిగ్గా నాలుగు. స్విచ్‌ను విభాగాలవారీగా విడగొట్టే వీల్యాన్‌లు పెట్టాను, వాటన్నిటినీ ఒకే కేబుల్ మీద రౌటర్‌కి చేర్చే ట్రంక్ పోర్టు పెట్టాను, రౌటర్‌లో విభాగానికొకటి చొప్పున నాలుగు సబ్ ఇంటర్‌ఫేస్‌లకి .1, .65, .129, .193 ఇచ్చాను. 192.168.10.10 నుంచి 192.168.10.200కి పింగ్ కొట్టాను. మొదటి ప్యాకెట్ టైమవుట్ అయింది. అవతలి మెషీన్ మ్యాక్ అడ్రసు (హార్డ్‌వేర్ అడ్రసు) ఏఆర్‌పీలో, అంటే దాన్ని అడిగి తెలుసుకునే పద్ధతిలో, తెలిసేలోపు అలా ఒకటి పోవడం మామూలే. తర్వాతి మూడూ వచ్చాయి.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చారు. స్క్రీన్ వైపు చూడలేదు. నేరుగా పేపర్ తీసుకుని మొదటి లైను దగ్గరే ఆగారు.

"ఏమ్మా, మొదటి సబ్‌నెట్ వాడావేంటి?"

"వాడొచ్చు సార్."

"వాడకూడదు. మొదటిదీ చివరిదీ వదిలేయాలి. రెండు పవర్ ఎన్ మైనస్ రెండు. ఇది కూడా తెలీకుండా ఇక్కడిదాకా ఎలా వచ్చావ్?"

"సార్, అది పాత రూల్. ఇప్పుడు సబ్‌నెట్ జీరో డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది. పింగ్ కూడా వస్తోంది, ఒకసారి స్క్రీన్ చూడండి సార్."

"అంటే ల్యాబ్ మాన్యువల్ తప్పు, నేను తప్పు, నువ్వొక్కదానివే కరెక్టా?"

ఆ మాటతో ల్యాబ్ మొత్తం నావైపు తిరిగింది. పేపర్ మీద ఎర్ర ఇంకుతో ఆ మూల నుంచి ఈ మూలకి గీత కొట్టారు. నేను ఊరుకోలేదు. "మీరు చెప్పినట్టు మొదటిదీ చివరిదీ వదిలేస్తే /26లో రెండే మిగులుతాయి సార్, నాలుగు విభాగాలకి చాలవు. /27కి వెళ్తే ఆరు వస్తాయి కానీ ఒక్కోదాంట్లో 30 కంప్యూటర్లే పడతాయి, 50 పట్టవు. మరి ఈ ప్రశ్నకి జవాబు ఎలా రాయాలి సార్?" అని అడిగాను. మర్యాదగానే అడిగాను. "ప్రశ్నలు అడగాల్సింది నేను, నువ్వు కాదు. బయట నిలబడు" అన్నారు. బయట నిలబడ్డాను. లోపల మిగతావాళ్లు ఒక్కొక్కరే పాత ఫార్ములా అప్పజెబుతుంటే "గుడ్" అనడం తలుపు బయటికి వినిపిస్తూనే ఉంది. వాళ్లలో కొందరికి సబ్‌నెట్లు నేనే నేర్పాను.

ఆ పాత రూల్ ఎక్కడిదో చెప్పాలి, ఎందుకంటే చాలా నోట్సుల్లో అది ఇప్పటికీ బతికే ఉంది. 1985లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 950 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతులు వివరించే పత్రాలు) సబ్‌నెటింగ్ పద్ధతిని ప్రామాణికం చేసింది. సబ్‌నెట్ బిట్లన్నీ సున్నాలున్న మొదటి సబ్‌నెట్‌నీ అన్నీ ఒకట్లున్న చివరి సబ్‌నెట్‌నీ పక్కన పెట్టమంది. అప్పటికి అది సబబే. రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే రిప్ మొదటి వెర్షన్ లాంటి ప్రొటోకాల్స్ రూట్ పంపేటప్పుడు మాస్క్ పంపవు. 192.168.10.0 అని మాత్రమే వస్తే, అది మొత్తం నెట్‌వర్కా, అందులోని మొదటి ముక్కా? వీధికీ అందులోని మొదటి ఇంటికీ ఒకే పేరు పెడితే ఉత్తరం ఎవరికి ఇవ్వాలో తెలియనట్టే. నెట్‌వర్క్‌లో అందరికీ ఒకేసారి పంపే 192.168.10.255 అడ్రసుతో చివరి ముక్కకీ అదే పేచీ. 1993లో మాస్క్ ఎక్కడైనా పెట్టుకోనిచ్చే సీఐడీఆర్ పద్ధతి వచ్చింది, అడ్రసుల్ని స్థిరమైన పరిమాణాల క్లాసులుగా పంచే గోల పోయింది. రిప్ రెండో వెర్షన్, ఓఎస్‌పీఎఫ్ అనే ఇంకో ప్రొటోకాల్ మాస్క్‌తో సహా రూట్ పంపుతాయి కాబట్టి అయోమయానికి తావే లేదు. 1995 డిసెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1878 ఆ రెండూ వదిలేసే అలవాటుకి కాలం చెల్లిందని స్పష్టంగా రాసింది. సిస్కో రౌటర్లలో నడిచే ఐఓఎస్ సాఫ్ట్‌వేర్‌లో 12.0 వెర్షన్ నుంచి సబ్‌నెట్ జీరో డిఫాల్ట్. హోస్టుల లెక్కలో రెండు తీసేయడం వేరే సంగతి, అది ఇప్పటికీ ఉంది. ఈ రెండిటినీ కలిపేసి చెప్పే లెక్చరర్లు ఎందరో.

ఫలితాల్లో నెట్‌వర్కింగ్ ల్యాబ్ పక్కన ఫెయిల్ అని పడింది. థియరీలో నాకు క్లాసులో అందరికంటే ఎక్కువ వచ్చాయి. విభాగాధిపతి దగ్గరికి వెళ్తే "ఎక్స్‌టర్నల్‌తో వాదిస్తే ఇలాగే ఉంటుంది, సప్లిమెంటరీ రాసుకో" అన్నారు. ఆఫీసులో గుమస్తా "ప్రాక్టికల్స్‌కి రీవాల్యుయేషన్ ఉండదు" అని నా దరఖాస్తు చదవకుండానే తోసేశాడు. నియమావళి తెచ్చి చూస్తే రీవాల్యుయేషన్ ఉండదన్న మాట నిజమే. కానీ పరీక్ష జరిగిన తీరు మీద ఫిర్యాదు ఇవ్వొచ్చని దాని కిందే ఉంది. ఆ వాక్యం కింద గీత గీసి మళ్లీ ఇచ్చాను. ఈసారి "విభాగం నుంచి రావాలి" అన్నాడు. విభాగంలో ఇస్తే "ఆఫీసులో ఇవ్వు" అన్నారు. ఆఫీసుల్లో నోటిమాట నమ్మకండి. ఏం చెప్పినా కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వమని అడగ్గానే సగం అభ్యంతరాలు వాటంతటవే పోతాయి.

ఈ తిరుగుడు నడుస్తుండగానే సెక్యూరిటీ ల్యాబ్ మొదలైంది. ఆ మేడమ్ మొదటి క్లాసులోనే నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ నడిపి, దూరపు మెషీన్‌లోకి లాగినయ్యే టెల్నెట్‌లో టైప్ చేసిన పాస్‌వర్డ్‌ని ఒక్కో అక్షరంగా తెర మీద చూపించారు. తర్వాత అదే లాగిన్ ఎన్‌క్రిప్షన్ ఉండే ఎస్‌ఎస్‌హెచ్‌లో చేయించారు. ఈసారి అర్థంకాని బైట్లే. ఆవిడ నోట్సులో ప్రతి అల్గారిథమ్ పక్కనా సంవత్సరం ఉంటుంది: 56 బిట్ల కీ ఉన్న డీఈఎస్ ఎన్‌క్రిప్షన్‌ని 1998లో మూడు రోజుల్లోపే ఛేదించారు, డేటాకి వేలిముద్ర లాంటి హ్యాష్ ఇచ్చే ఎండీ5కి 2004లో కొలిజన్ (రెండు వేర్వేరు డేటాలకి ఒకే హ్యాష్) చూపించారు, ఎస్‌హెచ్‌ఏ-1కి 2017లో. పాఠ్యపుస్తకంలో "సురక్షితం" అని ఉంటే ఎప్పటివరకు అని అడగమనేవారు. నా గొడవకి ఇదే వాదన సరిపోతుందని అప్పుడే వెలిగింది. మేడమ్‌కి నా ఫైల్ చూపించాను: రౌటర్ రన్నింగ్ కాన్ఫిగ్, పింగ్ అవుట్‌పుట్, ఆర్‌ఎఫ్‌సీ 1878 ప్రింట్, పాత రూల్‌తో ఈ ప్రశ్నకి జవాబే ఉండదని ఒక పేజీ లెక్క. కాన్ఫిగ్, పింగ్ అవుట్‌పుట్ పరీక్ష రోజునే సేవ్ చేసి పెట్టుకున్నాను. ఆవిడ అంతా చదివి, "లెక్క పేజీని అన్నిటికంటే పైన పెట్టు, ఆర్‌ఎఫ్‌సీ చదివే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు" అన్నారు. సిఫారసు సంతకం కూడా చేశారు. విభాగంలో అప్పటిదాకా ఆ మాత్రం ధైర్యం ఒక్కరికీ లేకపోయింది.

మేడమ్ మాటే నిజమైంది. లెక్క పేజీ చూసి, కొత్త ఎగ్జామినర్‌తో మళ్లీ ప్రాక్టికల్ పెట్టారు. ఈయన ఏళ్ల తరబడి నెట్‌వర్కుల మీద పనిచేసి బోధనలోకి వచ్చిన మనిషి. పేపర్ పక్కన పెట్టి రౌటర్ ముందు కూర్చున్నారు. ఇంటర్‌ఫేస్‌ల పట్టిక చూపించమన్నారు. ట్రంక్ కేబుల్ పీకి, ఏం జరుగుతుందో ముందే చెప్పమన్నారు, చెప్పాను. సబ్‌నెట్ జీరో గురించి ఒక్క ముక్క అడగలేదు. అది వాడటం ఆయనకి మామూలు విషయం.

ప్రాక్టికల్స్‌కి వెళ్లేవాళ్లు జవాబు పత్రం పైనే ఒక లైను రాసుకోండి: "ఆర్‌ఎఫ్‌సీ 1878 ప్రకారం అన్ని సబ్‌నెట్లూ వాడాను." పింగ్ రాగానే కాన్ఫిగ్ సేవ్ చేసి, అవుట్‌పుట్ ప్రింట్ మీద ఇంటర్నల్ సార్‌తో సంతకం పెట్టించుకోండి. విండోస్ మెషీన్‌కి పింగ్ వెళ్లకపోతే రౌటర్‌ని తిట్టకండి, ముందు ఆ మెషీన్ ఫైర్‌వాల్ చూడండి, చాలాసార్లు ఆపుతున్నది అదే. నెట్‌వర్క్‌లోని మెషీన్లనీ తెరిచి ఉన్న పోర్టులనీ వెతికే ఎన్‌మ్యాప్ నేర్చుకున్న ఉత్సాహంలో కాలేజీ నెట్‌వర్క్ మొత్తాన్నీ స్కాన్ చేయకండి. అనుమతి లేని మెషీన్ మీద ప్రయోగం చేస్తే, చేసినవాడు ఎంత తెలివైనవాడైనా నేను సమర్థించను.

నా గ్రేడ్ మారింది. మొదటి ఎగ్జామినర్ నుంచి ఒక్క మాట కూడా రాలేదు. మాన్యువల్‌లో ఆ పేజీ మాత్రం అలాగే ఉంది. మార్చమని లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. వచ్చే బ్యాచ్ ప్రాక్టికల్స్‌లోపు మారకపోతే మళ్లీ వెళ్తాను.