గట్ల మీద గడ్డి కోసేవాళ్ళకు వచ్చే జ్వరం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు వానాకాలంలో జ్వరమంటే ముందు మలేరియా పరీక్ష చేయిస్తారు. మంచిదే. కానీ అందులో ఏమీ లేదనగానే ఊరుకోకండి, స్క్రబ్ టైఫస్ కావచ్చు. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని నల్లి పిల్లలు (మంచం నల్లులు కావు) కుడితే 6 నుంచి 21 రోజుల్లో జ్వరం వస్తుంది. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ చూసుకోరు. చంకల్లో, గజ్జల్లో, మొలతాడు కింద వెతకాలి. పెచ్చు కనబడకపోయినా జబ్బు ఉండొచ్చు. పెన్సిలిన్ రకం మందులు దీనికి పనిచేయవు. డాక్టరు డాక్సీసైక్లిన్ త్వరగా మొదలుపెడితే సాధారణంగా 48 గంటల్లో జ్వరం దిగుతుంది.

కోతకు పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకోవాలి. తువ్వాలు గడ్డి మీద పరిచి పడుకోవద్దు. ఇంటికి రాగానే సబ్బుతో రుద్ది స్నానం, బట్టలు వేడినీళ్ళలో.