ఇరవై అయిదో గడి

మా అన్నయ్య కూతురు చదువు కోసం మిషిగన్ వెళ్లినప్పటి నుంచి, ఫుట్‌బాల్ సీజన్ వచ్చిందంటే తార్నాకలోని మా ఇంట్లో ఆదివారం రాత్రి పదకొండున్నర దాటితే గాని దీపం ఆరడం లేదు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వారి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ర్యాంకులు వెలువడేది ఆ వేళకే. ఫుట్‌బాల్ అంటే రహీం సాహెబ్ శిక్షణలో 1950 నుంచి వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన మన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టునే తలుచుకునే ఇల్లు మాది. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికా ఆట నాకు ఒంటబట్టడానికి సమయం పట్టింది గాని, ర్యాంకులిచ్చే పద్ధతి మొదటి వారమే ఆకట్టుకుంది.

అక్కడ అగ్రశ్రేణిలో నూట ముప్పైకి పైగా జట్లున్నాయి. మామూలు సీజన్‌లో ఒక్కో జట్టు ఆడేది పన్నెండు మ్యాచ్‌లే కనుక, చాలా జట్లు ఒకదానికొకటి ఎదురుపడవు. గెలుపోటముల లెక్క ఒక్కటే చాలని ఈ చోట, 1936 నుంచి వారం వారం క్రీడా విలేకరుల ఓటు తీసుకుంటున్నారు. ఇప్పుడు అరవై మందికి పైగా విలేకరులు, ప్రసారకులు తలా ఇరవై అయిదు జట్లను వరుసగా రాస్తారు. మొదటి జట్టుకు 25 పాయింట్లు, రెండో దానికి 24, అలా చివరిదానికి ఒకటి.

నిరుడు నేనూ ఒక నోటుపుస్తకంలో గళ్లు గీసి ప్రతి వారం జాబితా రాశాను. మొదటి ఆరు గళ్లు పది నిమిషాల్లో నిండేవి. పదిహేను దాటాక పెన్సిలు కన్నా రబ్బరుకే పని ఎక్కువ. అయిదో వారానికి నా తప్పు నాకే కనబడింది. ఓడిన జట్టును దించి, దాని కింది వాటిని ఒక్కో మెట్టు పైకి జరుపుతున్నానే తప్ప, ఆ వారం ఎవరు ఎలా ఆడారో కొత్తగా తూచడం లేదు. అప్పటి నుంచి పాత పేజీకి క్లిప్పు పెట్టి మూసేశాకే కొత్త పేజీ మొదలుపెడుతున్నాను. సీజన్‌కు ముందే జాబితా ప్రకటించే ఆనవాయితీ 1950 నుంచి ఉంది. ఒక్క మ్యాచ్ కూడా జరగకుండా వేసిన ఆ అంచనా నెలల తరబడి ఓటరు చేతిని లాగుతుందని నా గట్టి నమ్మకం.

2007 సెప్టెంబరు 1న అయిదో ర్యాంకు మిషిగన్, సొంత మైదానంలో, కింది శ్రేణికి చెందిన అపలాచియన్ స్టేట్ చేతిలో 34–32తో ఓడింది. విలేకరులు మిషిగన్‌ను జాబితా నుంచే తీసేశారు. గెలిచిన జట్టుకు ఓటు వేద్దామంటే, ఓటు అగ్రశ్రేణి జట్లకే అన్న నిబంధన ఒప్పుకోలేదు. ఆ వారంలోనే దాన్ని మార్చారు.

“బాబాయ్, మావాళ్లను మరీ అంత కిందికి దించేశావేంటి?” అని మా అమ్మాయి ఫోనులో నిలదీస్తుంది. నిలదీయాల్సిందే. విలేకరుల పోల్‌లో ఎవరు ఏ జట్టుకు ఎక్కడ ఓటేశారో పేరుతో సహా బయటపెడతారు. కోచ్‌లే ఓటేసే మరో పోల్ ఉంది; అందులో మామూలు సీజన్ చివరి ఓట్లు మాత్రమే అలా వెల్లడవుతాయి. అందుకే కోచ్‌లకు ఆట ఎంత తెలిసినా, నేను విలేకరుల జాబితా కోసమే మేలుకుంటాను. ఈ ఆదివారం ఇరవై అయిదో గడిలో ఏ పేరు రాసినా, పక్కనే కారణం కూడా రాసి ఆమెకు పంపుతానని మాటిచ్చాను.